నెమ్మదిగా చదివేవాళ్లకి వేసవి కథలు

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, ఈ సెలవుల్లో చదవాల్సిన పది కొత్త పుస్తకాలు, ఇరవై కొత్త పుస్తకాలు అని జాబితాలు మొదలవుతాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లు వేస్తారు, మంచి మనసుతోనే వేస్తారు, కానీ ఆ జాబితా వెనకాల ఒక పాఠకుడు ముందే ఖాయమైపోయి ఉంటాడు. బడిలో తెలుగు చదువుకున్నవాడు, కూర్చుంటే గంటలో ముప్ఫై నలభై పేజీలు లాగించేవాడు, పుస్తకాల షాపు ఊళ్లోనే ఉన్నవాడు. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో అలాంటివాళ్లు లేరని కాదు, తక్కువ.

ఇక్కడి ఇల్లు వేరేలా ఉంటుంది. మామ్మ టెక్కలిలోనో పలాసలోనో చదువుకుని కాపరానికి ఇటు వచ్చింది, వారపత్రిక సీరియల్ కోసం వారం అంతా ఎదురుచూసిన మనిషి, కళ్లు సహకరిస్తే ఇప్పటికీ ఎంత లావు నవలైనా వదలదు. ఆవిడ కూతురు ఒడియా మీడియం. తెలుగు అక్షరాలు సినిమా పోస్టర్ల దగ్గరా పెళ్లి శుభలేఖల దగ్గరా పట్టుబడ్డాయి, హెడ్డింగులు చదువుతుంది, పేరా వస్తే ఆగిపోతుంది. మనవడు ఇంగ్లీషు మీడియం, సెకండ్ లాంగ్వేజ్ ఒడియా. తెలుగులో పోట్లాడతాడు, తెలుగులో అలుగుతాడు, తెలుగు అక్షరం మాత్రం ఒక్కటీ తెలీదు. ఈ ముగ్గురికీ ఒకే జాబితా ఎలా సరిపోతుంది?

మామ్మకి ఎవరైనా చెప్పగలరు, మనవడికి చెప్పడానికి ముందు వేరే పని ఉంది. అసలు చిక్కు మధ్యలో ఉన్నావిడతోనే. ఆమె లాంటివాళ్లు ఈ సరిహద్దు జిల్లాల్లో చాలామంది, వాళ్లని పాఠకులుగా ఎవరూ లెక్కేయరు, వాళ్లూ లెక్కేసుకోరు. నాలుగు వందల పేజీల నవల చేతిలో పెడితే మూడో రోజుకి అది టీవీ స్టాండ్ మీదకి చేరుతుంది. బద్ధకం అనుకుంటాం గానీ, పేజీకి ఏడెనిమిది నిమిషాలు పట్టే మనిషికి నవల మొదట్లో వచ్చిన మేనమామ నూరో పేజీలో మళ్లీ వచ్చేసరికి ఎవరో గుర్తుండదు. ఎనిమిది పేజీల కథైతే ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. పూర్తి చేశానన్న తృప్తి ఉంటుంది చూడండి, రెండో కథకి అదే పెట్టుబడి. కాబట్టి ఇటువైపు వేసవి చదువు కథల సంపుటితో మొదలవ్వాలి, నవల తర్వాత చూసుకోవచ్చు.

రెండోది భాష. ఇక్కడ ఒక తమాషా ఉంది. పుస్తకాల తెలుగు జనం మాట్లాడే తెలుగులా ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి ఉద్యోగం చేసింది ఈ పర్లాకిమిడిలోనే, రాజావారి కాలేజీలో. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టిన మనిషికి, బడిలో పిల్లలు ఎవరి నోటా వినపడని గ్రాంథికాన్ని బట్టీ పట్టడం వింతగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లింది, ఆయన ఊరొదిలి రాజమండ్రి చేరుకున్నారు. వాడుక భాష గెలిచింది. గెలిచాక మూడు నాలుగు దశాబ్దాలుగా తెలుగు కథ ఇంకో అడుగు వేసి ఏ జిల్లా నుడికారం ఆ జిల్లాది అన్నట్టు రాయడం మొదలుపెట్టింది. సీమ కథ సీమ మాటల్లో, తెలంగాణ కథ తెలంగాణ మాటల్లో. చదివేవాళ్లకి ఇది పండగే, ఒడియా మీడియం చదివి వచ్చిన మనిషికి మాత్రం కొత్త టెన్షన్. అక్షరం కూడబలుక్కుంటూ చదివేటప్పుడు ఆ మాట ఇంట్లో విన్నదైతే సగం చదవగానే మిగతా సగం నోటికి వచ్చేస్తుంది, విననిదైతే చివరిదాకా కూడబలికినా అర్థం చిక్కదు. ‘బేగి రా’ (త్వరగా రా), ‘నేదు’ (లేదు), ‘గుంటలు’ (పిల్లలు), ‘ఒగ్గీసినాడు’ (వదిలేశాడు) అని అచ్చులో కనపడితే బరంపురం మనిషికి కన్ను పరిగెడుతుంది. అదే సీమ యాసలో నాలుగు వరసలొస్తే అక్కడ గతుకు.

అందుకని మొదటి పుస్తకం చుట్టుపక్కల భాషలోదై ఉండాలి. మల్లిపురం జగదీశ్ కథలు ఇందుకు భేషుగ్గా పనికొస్తాయి. పార్వతీపురం వైపు కొండల్లో జాతాపు, సవర, కోదు గిరిజన కుటుంబాల జీవితం, రాసినాయన ఆ కొండల మనిషే. ఆయన కథల సంపుటి ‘శిలకోల’ వచ్చి పదేళ్లు దాటింది, కొత్త పుస్తకాల జాబితాలో ఇదేంటి అని అడగొచ్చు. ఒడిశాలో తెలుగు పుస్తకం విషయంలో కొత్త అంటే ఇక్కడికి ఇంకా చేరనిదని అర్థం, ఆ లెక్కన ఇది సరికొత్తది. గుణుపురంలో ఉన్నవాళ్లు రోజూ చూసే కొండకి అవతలి వైపు ఏం జరుగుతోందో ఇందులో ఉంది. అదే కొండ, రాష్ట్రం మారిపోతుంది, సంతలో మాట మాత్రం మారదు.

దీని పక్కన పెట్టుకోవాల్సినది రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన కుర్రాడు, గోర్ బంజారా తండాల కథలు, 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం దీనికే వచ్చింది. ఢావ్లో అంటే బంజారా ఆడవాళ్లు గొంతెత్తి పాడే ఏడుపు పాట. భాష మనది కాదు, యాస అసలు కాదు, అయినా ఈ సరిహద్దు పాఠకులకి దీన్ని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది: ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష, బజార్లో మూడోది అనే పరిస్థితి ఏంటో ఈ కథల్లో మనుషులకి తెలుసు. బంజారా మాటలు తెలుగు వాక్యాల మధ్యలోకి వచ్చి కూర్చుంటాయి, మన ఇళ్లలో ఒడియా మాటలు వచ్చి కూర్చున్నట్టే. మొదటి కథ కొంచెం తడబడినా ఆపకుండా చదవాలి.

బహుమతుల జాబితా చూసి పుస్తకాలు కొనే అలవాటు చాలామందికి ఉంది. మంచిదే గానీ అది కథలకి నమ్మకమైన దారి కాదు. సాహిత్య అకాడెమీ ప్రధాన పురస్కారం తెలుగులో 2019 నుంచి 2024 దాకా ఆరేళ్లు తీసుకుంటే కథకో నవలకో వచ్చింది మూడుసార్లే: 2019లో బండి నారాయణస్వామి నవల ‘శప్తభూమి’, 2022లో మధురాంతకం నరేంద్ర నవల ‘మనోధర్మపరాగం’, 2023లో తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి కథలు ‘రామేశ్వరం కాకులు మరికొన్ని కథలు’. మిగతా మూడేళ్లు కవిత్వానికీ విమర్శకీ వెళ్లాయి. ఈ మూడింట్లో మన మధ్యలో ఉన్న పాఠకురాలికి సరిపోయేది పతంజలి శాస్త్రి పుస్తకం. వాక్యం చిన్నది, తొందర లేనిది, ఎక్కడా గొంతు పెంచడు. కథలో పెద్దగా ఏమీ జరగలేదే అనిపించి పుస్తకం మూసేశాక, రాత్రి గిన్నెలు కడుగుతుంటే గుర్తొస్తుంది. అలాంటి కథలు నచ్చనివాళ్లూ ఉంటారు, ముగింపు దగ్గర ‘అయితే చివరికి ఏమైంది’ అని అడిగేవాళ్లు, వాళ్లకి ఇది పెట్టకండి.

‘మనోధర్మపరాగం’ మామ్మకి. దేవదాసీ కుటుంబాల ఆడవాళ్లు, సంగీతం, తరాల తరబడి సాగే కథ. పాటకచేరీలు విన్న చెవి, సీరియళ్లకి అలవాటైన ఓపిక ఉన్నవాళ్లు వదలరు. ‘శప్తభూమి’ పద్దెనిమిదో శతాబ్దపు రాయలసీమ. గొప్ప నవల, అందులో సందేహం లేదు, కానీ ఆ కాలపు మాటలూ ఆ సీమ మాటలూ కలిసి వచ్చి పడతాయి, అలవాటు లేని మనిషి మొదటి తెలుగు నవలగా అది పట్టుకుంటే మళ్లీ ఇంకో తెలుగు నవల ముట్టడు. సీమ నవలే చదవాలనుంటే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ దారి సులువు. కరువుకి గొర్రెల మందని తోలుకుని నల్లమల ఎక్కిన కాపరుల కథ, 2019లో తానా నవలల పోటీలో బహుమతి, 2021లో సినిమా. ఇక్కడ ఒక చిట్కా ఉంది, కొంతమంది సాహిత్యాభిమానులకి నచ్చకపోవచ్చు: ముందు సినిమా చూసేయండి. కథ తెలిసిపోతే ఆసక్తి పోతుందంటారు గానీ, నెమ్మదిగా చదివేవాళ్లకి తెలిసిన కథే చేతికర్ర. ఎవరు ఎవరో తెలుసు కాబట్టి యాస మీద దృష్టి పెట్టొచ్చు. పైగా సినిమాలో కలిపినవి ఏవో, పుస్తకంలో ఉన్నవి ఏవో పోల్చుకుంటూ చదవడం ఒక ఆట. మే నెలలో వడగాలి కొడుతుండగా నీళ్ల కోసం గొర్రెలు తిరిగే కథ చదవడం కూడా వేరే అనుభవంలెండి.

ఉద్యోగానికి బెంగళూరో భువనేశ్వరో వెళ్లి సెలవులకి ఇంటికొచ్చే పిల్లలకి ఊరి కథలే పెట్టాలని లేదు. వాళ్లకి పూర్ణిమ తమ్మిరెడ్డి ‘ఎమోషనల్ ప్రెగ్నెన్సీ’, మానస ఎండ్లూరి ‘మిళింద’ దగ్గరగా ఉంటాయి. మొదటిది నగరపు మనుషులు, వాళ్ల మధ్య చెప్పుకోలేని లెక్కలు. రెండోది 2020 యువ పురస్కారం అందుకున్న కథలు, దళిత క్రైస్తవుల ఇళ్ల గురించీ ఆడవాళ్ల గురించీ తెలుగు కథ అంతగా ముట్టుకోని ప్రేమల గురించీ. అత్తగారి ముందు గట్టిగా చదివి వినిపించే పుస్తకాలు కావు, ఆ జాగ్రత్త మాత్రం. 2025లో యువ పురస్కారం ప్రసాద్ సూరి నవల ‘మైరావణ’కి వచ్చింది, ముప్ఫై అయిదేళ్ల లోపు వాళ్లు ఏం రాస్తున్నారో చూడాలనుకుంటే అదొకటి.

అనువాదాల సంగతి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. వేరే భాష నుంచి తెలుగులోకి వచ్చిన పుస్తకంలో యాస బరువు తక్కువుంటుంది, అనువాదకుడు అందరికీ అర్థమయ్యే మధ్యరకం తెలుగు ఎంచుకుంటాడు, ఇది సాహిత్యపరంగా లోటే కావచ్చు, తడుముకుంటూ చదివేవాళ్లకి మాత్రం లాభం. కన్నడంలో వసుధేంద్ర రాసిన ‘తేజో తుంగభద్ర’ రంగనాథ రామచంద్రరావు తెలుగులో దొరుకుతోంది. ఒక పక్క లిస్బన్‌లో తేజో నది, ఇంకో పక్క విజయనగర సామ్రాజ్యంలో తుంగభద్ర, పోర్చుగీసు ఓడలు గోవా చేరిన కాలం. లావుగా ఉంటుంది, కానీ పరిగెత్తిస్తుంది. కథలతో చేయి తిరిగాక జూన్ నెలాఖరుకి దీన్ని పట్టుకోవచ్చు.

అసలు ఇక్కడివాళ్లకి ఒక వరం ఉంది, దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. హైదరాబాద్ పాఠకుడికి ఒడియా కథ అనువాదంలోనే దొరుకుతుంది. బరంపురం పాఠకురాలు మూలమే చదవగలదు. కొరాపుట్ కోదుల జీవితం మీద గోపీనాథ్ మహంతి రాసిన ‘అమృతర సంతాన’ ఒడియాకి మొట్టమొదటి సాహిత్య అకాడెమీ పురస్కారం తెచ్చింది, 1955లో. పాతదే, కానీ ఒక వేసవిలో అది ఒడియాలో, ‘శిలకోల’ తెలుగులో పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకే కొండజాతి గురించి రెండు భాషలు రెండు కాలాల్లో ఏం చూశాయో కనపడుతుంది. మొదటిది బయటి నుంచి అధికారిగా వెళ్లి ప్రేమగా చూసిన మనిషి రాసింది, రెండోది ఇంట్లోంచి వచ్చింది. ఈ తేడాని ఒక్క అనువాదమూ లేకుండా స్వయంగా రుచి చూడగలిగినవాళ్లు రాయగడ, కొరాపుట్, గంజాం తెలుగువాళ్లే. బరంపురంలో తుర్లపాటి రాజేశ్వరి లాంటివాళ్లు ఒడియా కథల్ని తెలుగులోకి తెస్తున్నారు కాబట్టి తెలుగే బాగా వచ్చినవాళ్లకీ దారి మూసుకుపోలేదు. ఊరి పేరు వచ్చింది కాబట్టి ఒక మాట, రష్యన్ పుస్తకాలు మాస్కోలో కూర్చుని తెలుగు చేసిన ఉప్పల లక్ష్మణరావు పుట్టిందీ బరంపురంలోనే, ఆయన డైరీల రూపంలో రాసిన ‘అతడు-ఆమె’ ఇంట్లో అటక మీద ఉండే అవకాశం ఉంది. ఓసారి దులిపి చూడండి.

ఇప్పుడు పుస్తకం చేరడం ఎలా? సరిహద్దు ఊళ్లలో బడిపుస్తకాల దుకాణాలు బోలెడు, తెలుగు కథల పుస్తకం అడిగితే పంచాంగం చూపిస్తారు. ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్ల దూరం, అక్కడా పెద్ద తేడా లేదు. పోస్టులోనే తెప్పించుకోవాలి. పాత బుక్‌పోస్ట్ రాయితీ 2024 డిసెంబర్లో ఆగిపోయినప్పుడు చిన్న ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టారు, నూటయాభై రూపాయల పుస్తకానికి పంపే ఖర్చు సగం అయితే ఎవరు కొంటారని. తర్వాత 2025 మే 1 నుంచి తపాలా శాఖ ‘జ్ఞాన్ పోస్ట్’ తెచ్చింది: 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. రోడ్డు, రైలు మార్గంలో వస్తుంది కాబట్టి ఆలస్యం అవుతుంది, ఎక్కడుందో చూసుకునే వీలు ఉంది. ఫోన్‌లో ఆర్డర్ ఇచ్చేటప్పుడు దీంట్లో పంపమని అడగాలి, అడక్కపోతే కొందరు కొరియర్‌లో పంపి ఆ ఖర్చూ వేస్తారు. పల్చటి కథల సంపుటి ఒకటైతే మొదటి శ్లాబులోనే సరిపోతుంది. నాలుగిళ్లవాళ్లు కలిసి ఒకే మూట తెప్పించుకుంటే ఇంకా చవక. ఏప్రిల్ మొదట్లోనే చెప్పేయాలి, మే మధ్యలో గుర్తొస్తే మూట వచ్చేసరికి బళ్లు తెరుస్తారు.

వెళ్లగలిగితే శ్రీకాకుళం వెళ్లడం మంచిది. గుణుపురం–విశాఖ పాసింజరు పర్లాకిమిడి మీదుగానే పోతుంది, శ్రీకాకుళం రోడ్‌లో దిగొచ్చు. అక్కడ కాళీపట్నం రామారావు 1997లో పెట్టిన కథానిలయం ఉంది, తెలుగు కథల కోసమే కట్టిన గ్రంథాలయం, తెలుగు కథ పుట్టినప్పటి నుంచి పత్రికల్లో వచ్చినవి వెతికి వెతికి చేర్చారు. ఇంటి దగ్గర నుంచే చూడాలంటే వాళ్ల వెబ్‌సైట్లో వేల కథల స్కాన్లు ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. స్కాన్ కాబట్టి ఫోన్‌లో అక్షరం చిన్నగా కనపడుతుంది, పాత ముద్రణ వల్ల ఒత్తులు అతుక్కుపోయి ఉంటాయి, కొత్తగా చదివేవాళ్లకి అది శిక్ష. వాళ్లకి ‘ఈమాట’ లాంటి వెబ్ పత్రికలు నయం, 1998 నుంచి నడుస్తోంది, అక్షరం కావలసినంత పెద్దది చేసుకోవచ్చు. ‘ప్రతిలిపి’ యాప్‌లో వచ్చే ప్రేమ సీరియళ్లని సాహిత్యం కాదని కొట్టిపారేసేవాళ్లున్నారు. సగం పైగా తేలిపోయేవే, నిజం. కానీ రోజుకో చిన్న భాగం, సులువైన వాక్యం, రేపేమవుతుందోనన్న ఆత్రం, ఈ మూడూ ఒడియా మీడియం చదివిన అమ్మాయి చేత నెలలో రెండు వందల పేజీల తెలుగు చదివిస్తాయి. వారపత్రికలు మామ్మ తరానికి చేసిన పని అదే కదా.

కళ్లు కనపడని పెద్దవాళ్లకీ అక్షరాలు రాని పిల్లలకీ వినడం ఒకటే మందు. దాసుభాషితం యాప్‌లో తెలుగు పుస్తకాలు చదివి వినిపిస్తారు, హర్షణీయం పాడ్‌కాస్ట్‌లో కథలతో పాటు రాసినవాళ్ల మాటలు కూడా వస్తాయి. మధ్యాహ్నం పఖాళ (ఒడియావాళ్ల చద్దన్నం) తిని, వేయించిన వడియాల గిన్నె మధ్యలో పెట్టుకుని, ఫ్యాన్ కింద ముగ్గురూ ఒకే కథ వినొచ్చు. చదువు కాదు అనేవాళ్లుంటే అననివ్వండి.

మనవడి అక్షరాల విషయం మాత్రం వాయిదా వెయ్యకూడదు, అది అనుకున్నంత కష్టం కాదు కూడా. ఒడియా చదవడం వచ్చిన పిల్లాడికి వర్ణమాల వరస ముందే తెలుసు, అ నుంచి హ దాకా అదే క్రమం, గుణింతం అదే లెక్క. కొత్తగా నేర్చుకోవాల్సింది అక్షరం ఆకారమే. చిక్కంతా మూడు నాలుగు చోట్ల. ఒడియాలో ఎ, ఏ అని పొట్టీ పొడుగూ తేడా లేదు, ఒ, ఓ కూడా అంతే. అందుకే ‘కోడి’ని ‘కొడి’ అంటాడు, ‘చెరువు’ని ‘చేరువు’ అంటాడు. అకారాన్ని ఒకారంలా పలికే అలవాటు వల్ల ‘కమల’ కాస్తా ‘కొమొలొ’ అవుతుంది. శ, ష, స మూడూ స. ‘యమున’ రాస్తే ‘జొమునా’ వినపడుతుంది. నవ్వకుండా దిద్దగలిగితే నెల రోజుల్లో దారిలో పడతాడు. రోజూ కథలోంచి నాలుగు వరసలు చాలు, అదీ వాడు ముందే విన్న కథ అయితే మరీ మంచిది, ఇందాక సినిమా గురించి చెప్పిన సూత్రమే.

అలా ఒక ఇంట్లో జరిగితే ఎలా ఉంటుందంటే: పిల్లాడు వేలు పెట్టి ‘మే...క... మేక పిల్లా చేట్టు కిందా...’ అంటాడు. వంటింట్లోంచి మామ్మ ‘చేట్టు కాదు నాన్నా, చెట్టు’ అంటుంది. పక్కనే కూర్చున్న వాళ్లమ్మ, అంతసేపూ ఫోన్ చూస్తున్నట్టు నటించిన మనిషి, పుస్తకం తన వైపు తిప్పుకుని తర్వాతి వరస తనే చదవడం మొదలుపెడుతుంది.